బాధ చెప్పుకోవడం సహనానికి విరుద్ధమా?

చిత్తూరు నుంచి ఒక సోదరి తన కూతురి ద్వారా ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ముగిశాయి. అల్లాహ్ దయవల్ల గడ్డ పోయింది. ఇక ఐదేళ్ళపాటు రోజుకొక మాత్ర వేసుకోమని డాక్టర్లు చెప్పారు. ఆ మాత్ర మొదలైన రెండు మూడు నెలలకే వేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు పట్టేయసాగాయి. ఫజ్ర్‌కు లేచేసరికి పిడికిలి ముడుచుకోదు. సంగటి కెలకలేరు, తడిబట్ట పిండలేరు, సజ్దా నుంచి లేవలేరు.

ఇంట్లో చెబితే ఒకటే మాట: "ప్రాణం దక్కింది కదా, షుక్ర్ చెయ్యి. ఇంకా నొప్పులని మూలిగితే నాషుక్రీ అవుతుంది." ఆ మాటకు భయపడి ఆమె నోరు కట్టుకున్నారు. చివరికి ఎవరికీ తెలియకుండా మాత్ర కూడా మానేశారు. "హజ్రత్, నొప్పి అని అంటే నేను చేసిన షుక్ర్ అంతా వృథా అవుతుందా?" ఇదీ ఆమె ప్రశ్న.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. మన జిల్లా నుంచి వేలూరు సి.ఎం.సి.కి, తిరుపతి స్విమ్స్‌కు, 2022లో తిరుపతిలో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళి నయమై వస్తున్న సోదరీమణులు ఎందరో ఉన్నారు. కాబట్టి దీనికి జవాబు అందరం తెలుసుకోవాలి.

ప్రవక్తలు బాధను దాచారా?

హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలామ్) తనకు బాధ కలిగిందని తన ప్రభువుకు మొరపెట్టుకున్నారని దివ్య ఖుర్ఆన్ తెలియజేస్తోంది (అల్ అంబియా: 83). అదే అయ్యూబ్‌ను అల్లాహ్ సహనశీలి అని కొనియాడాడు (సాద్: 44). అంటే మొర, సహనం ఒకే హృదయంలో ఉండగలవన్న మాట.

"అది అల్లాహ్‌కు చెప్పుకున్న మాట, మనుషులకు చెప్పుకోవచ్చా?" అని ఎవరైనా అడగవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) ఒకరోజు తలనొప్పితో తన తల గురించి బాధపడుతుంటే, దైవప్రవక్త (స) తన తల కూడా నొప్పిగా ఉందన్నారు. మందలించలేదు. తన జ్వర తీవ్రత ఇద్దరు మనుషులకు వచ్చేంత ఉందని ఆయన (స) హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి)తో స్వయంగా చెప్పారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన సహీహ్‌లో రోగులకు సంబంధించిన భాగంలో, నొప్పిగా ఉందని రోగి చెప్పుకోవడానికి ఉన్న అనుమతి గురించే ఒక అధ్యాయం పెట్టారు. అయ్యూబ్ (అలైహిస్సలామ్) మొరను కూడా అక్కడే పేర్కొన్నారు. సహాయం కోసం, చికిత్స కోసం తన స్థితిని వివరించడం సహనాన్ని భంగపరచదని ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) సబ్ర్, షుక్ర్‌లపై రాసిన 'ఉద్దతుస్సాబిరీన్'లో వివరించారు.

అల్లాహ్ తీర్పుపై అలగడం వేరు. అల్లాహ్ దాసులకు తన అవస్థ తెలపడం వేరు. మొదటిదే సహనానికి విరుద్ధం. గడ్డ పోయినందుకు షుక్ర్, మిగిలిన నొప్పికి సబ్ర్. ఈ రెండూ రెండు ఆరాధనలు. ఒకటి చేస్తే రెండోది రద్దు కాదు.

ఎవరి పాఠం ఎవరికి?

విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానివల్ల అతని పాపాలు మన్నించబడతాయని హదీసుల్లో ఉంది. ఇది సత్యం. నొప్పితో రాత్రంతా మేల్కొన్న మనిషికి ఇంతకంటే ఊరట లేదు. కాని ఈ హదీసు బాధపడే వారికి ఊరట, పక్కన ఉన్నవారికి సాకు కాదు. రోగికి సహనం బోధించబడింది, మనకు సేవ బోధించబడింది. మనం మన పాఠం వదిలేసి ఆమె పాఠం ఆమెకు వల్లెవేస్తున్నాం! తాను రోగిగా ఉంటే ఎందుకు పరామర్శించలేదని ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి ప్రశ్నిస్తాడని హదీసు ఖుద్సీలో ఉంది. ఆపరేషన్ నాడు ఆసుపత్రి వరండా నిండా మనమే ఉంటాం. మూడో ఏట ఆమె వేళ్ళు ఎలా ఉన్నాయని అడిగేవారు ఎందరు?

శరీరం అమానతు

ఈ నొప్పి శిక్షా కాదు, భ్రమా కాదు. దానికొక కారణం ఉంది. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజన్ అనే హార్మోను ఆధారంగా పెరుగుతాయి. బహిష్టులు ఆగిన స్త్రీలకు ఇచ్చే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటి మాత్రలు ఆ హార్మోను తయారు కాకుండా అడ్డుకుంటాయి. అది తగ్గితే కీళ్ళు బిగుసుకుంటాయి, ఎముకలు పలచబడతాయి. ఈ మాత్రలు వాడేవారిలో దాదాపు సగం మందికి ఇలాంటి నొప్పులు వస్తాయి.

సొంతంగా మాత్ర మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరుకు చెబితే మార్గాలున్నాయి. మాత్ర మార్చవచ్చు, నొప్పికి మందు ఇవ్వవచ్చు, ఎముకల పరీక్ష చేయించవచ్చు. కొత్తగా ఒకేచోట ఎముక నొప్పి వస్తే అసలు ఆలస్యం చేయకూడదు. అమెరికాలో 121 మంది స్త్రీలపై జరిగి 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల నడక వంటి శ్రమ, రెండుసార్లు కండరాల వ్యాయామం ఏడాదిపాటు చేసినవారికి నొప్పి తీవ్రత సుమారు 29 శాతం తగ్గింది. ఇంటి మిద్దె మీద నడిచినా అది నడకే. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. కాబట్టి డాక్టరు ముందు నోరు విప్పడం కూడా విధేయతే.

నమాజు విషయంలోనూ భయం అక్కర్లేదు. నిలబడి, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు చెప్పారు. వేడినీళ్ళతో వుజూ చేసుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆచరణల పుణ్యం రోగికి అలాగే రాయబడుతుందన్న శుభవార్త కూడా హదీసులో ఉంది.

ఉన్న నొప్పి, రాబోయే భయం

హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) ఇస్లాం స్వీకరించినప్పటి నుంచి తన శరీరంలో ఉన్న నొప్పి గురించి దైవప్రవక్త (స)కు చెప్పుకున్నారు. ఇన్నాళ్ళూ భరించావు, ఇకముందూ భరించు అని ఆయన (స) అనలేదు. నొప్పి ఉన్నచోట చేయి పెట్టి మూడుసార్లు బిస్మిల్లాహ్ పలికి, ఏడుసార్లు అల్లాహ్ శరణు వేడుకోమన్నారు. ఆ దుఆలో ఇప్పుడున్న బాధ నుంచే కాదు, వస్తుందేమోనని భయపడే దాని నుంచి కూడా శరణు ఉంది. క్యాన్సర్ నుంచి బయటపడ్డ ప్రతి సోదరికీ ఈ రెండో భయం ఏమిటో తెలుసు. అది నోటితో చెప్పకముందే ఆమె కోసం దుఆ సిద్ధంగా ఉంది.

ఆ సోదరి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మాత్ర మార్చారు. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో తన కుటుంబానికి సాయపడేవారని విన్న పెద్ద కొడుకు ఇప్పుడు తానే సంగటి కెలుకుతున్నాడట.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! వారి బాధను వినే చెవులను, అందుకునే చేతులను మనకు ప్రసాదించుగాక! ఆమీన్.