పేరు తెలియని సమాధి



ఏ ప్రాణీ తాను ఏ నేలపై కన్నుమూస్తుందో ఎరుగదని దివ్యఖుర్ఆన్ మనకు బోధిస్తుంది. ఈ సత్యానికి సాక్ష్యంగా పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో ఎన్నో ఒంటరి సమాధులున్నాయి.

1892లో పెర్త్ నగరానికి తూర్పున దాదాపు 550 కిలోమీటర్ల దూరాన కూల్గార్డీ వద్ద బంగారం దొరికింది. మరుసటి ఏడాది కాల్గూర్లీలో బయటపడింది. వేలాదిమంది అటు తరలిపోయారు. కాని అక్కడ తాగునీరు కరువు. ఉప్పునీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీళ్ళు అమ్మేవారు. దారితప్పి దాహంతో కొందరు, టైఫాయిడ్‌తో ఎందరో మరణించారు. గనిలో బండ విరిగిపడి, మందుగుండు పేలి, నిలువు గోతుల్లో జారిపడి మరికొందరు పోయారు. శ్మశానం దూరం, ఎండ తీవ్రం. అందుకే చనిపోయినచోటే గొయ్యి తీసి పూడ్చి, తోటివారు ముందుకు సాగేవారు. కొందరి పేరైనా ఎవరికీ తెలియదు.

ఆ దారుల్లో ఒంటెలపై సరుకులు మోసినవారిలో మన ధార్మిక సోదరులెందరో ఉన్నారు. నేటి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ ప్రాంతాల నుంచి వెళ్ళిన వారు కూల్గార్డీలో మస్జిద్ కట్టుకున్నారు. కొందరు ఇల్లు చేరకుండానే ఆ మట్టిలో కలిసిపోయారు.

1907 మార్చిలో, కూల్గార్డీ సమీపాన బోనీవేల్ గనిలోకి వాన నీరు ముంచెత్తింది. మొడెస్టో వారిస్కెట్టి అనే ఇటలీ కార్మికుడు లోపల చిక్కుకున్నాడు. ప్రత్యేక రైలులో గజ ఈతగాళ్ళను రప్పించి, తొమ్మిది రోజులకు ప్రాణాలతో బయటికి తీశారు. అదే మనిషి 1920లో గని దుమ్ము తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో మరణించాడు. నీటినుంచి కాపాడిన చేతులు దుమ్మునుంచి కాపాడలేకపోయాయి!

ఈనాడు అక్కడి స్వచ్ఛంద సేవకులు పాత రికార్డులు వెతికి, ఆ సమాధులకు పేరు పలకలు అమరుస్తున్నారు. మంచిపనే. కాని మనిషి బ్రతికుండగా అతని పేరు అడిగేదెవరు?

మస్జిదె నబవీని ఊడ్చే ఒక సామాన్య వ్యక్తి మరణిస్తే, అదేమంత పెద్ద విషయం కాదనుకొని సహాబాలు ఖననం చేసేశారు. ఆ మనిషి కనిపించకపోయేసరికి దైవప్రవక్త (స) అడిగి తెలుసుకున్నారు. తనకెందుకు చెప్పలేదని ప్రశ్నించారు. సమాధి వద్దకు వెళ్ళి జనాజా నమాజు చేశారు. లోకం లెక్కచేయని మనిషిని ఆయన లెక్కచేశారు.

మరి మనమో? మన బావి తవ్వే కూలీ పేరు మనకు తెలుసా? అతని ఊరు, ఇంటివారి ఫోన్ నంబరు రాసిపెట్టుకున్నామా? అతను దిగే తాడు గట్టిదో కాదో చూశామా? చెమట ఆరకముందే కూలి ఇచ్చామా? పేరు లేని సమాధిలో ఉన్నదెవరో అల్లాహ్‌కు తెలుసు. ఆ మనిషిపట్ల మనమేం చేశామన్నదీ ఆయనకు తెలుసు. రేపు జవాబు చెప్పాల్సింది మనమే.

మన చేతికింద పనిచేసే ప్రతి మనిషి ప్రాణాన్నీ అమానతుగా భావించే బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.