పదవి ఒక అమానతు

సకల ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ఈనాడు మన ఇళ్ళ పిల్లలు ఎందరో ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో, బెంగుళూరులో, గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. అల్‌హమ్దులిల్లాహ్! కొన్నేళ్ళు కంప్యూటర్ ముందు పనిచేశాక వారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇంజనీరుగానే కొనసాగాలా, లేక పదిమందిపై మేనేజరుగా వెళ్ళాలా? జుమా నమాజు తర్వాత యువకులు మమ్మల్ని ఈ మాట అడుగుతుంటారు. ఇంట్లో మాత్రం జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. "మీ మామూ కొడుకు మేనేజరయ్యాడు, నువ్వెప్పుడవుతావు బేటా?" అని అమ్మీ అడుగుతుంది. సంబంధం చూడవచ్చినవారు కూడా ముందు హోదానే అడుగుతారు.

ధర్మసమ్మతమైన సంపాదన పెరగాలని కోరుకోవడం తప్పు కాదు. కాని ఇస్లాం ఈ ప్రశ్నను జీతంతో మొదలుపెట్టదు, బాధ్యతతో మొదలుపెడుతుంది.

అబూజర్ (రజి)కి లభించిన హితవు

హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) తనను ఏదైనా అధికార పదవిలో నియమించమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన (స) అబూజర్ భుజం మీద తట్టి, నీవు బలహీనుడవని, పదవి ఒక అమానతు అని, దాని హక్కును నెరవేర్చినవారికి తప్ప ఇతరులకు అది ప్రళయదినాన అవమానంగా, పశ్చాత్తాపంగా మారుతుందని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

అబూజర్ (రజి) సామాన్యులు కారు. తొలి విశ్వాసుల్లో ఒకరు. సత్యసంధతలో, నిరాడంబరతలో ఆయనకు సాటి వచ్చేవారు అరుదు. అయినా ఆ పని ఆయనకు తగినది కాదని చెప్పడం జరిగింది. దీనివల్ల ఆయన గౌరవం రవ్వంత కూడా తగ్గలేదు. ఒక పనిలో గొప్పవాడైనంత మాత్రాన మరో పనికి కూడా తగినవాడవుతాడని చెప్పలేమన్నది ఇందులోని పాఠం. చక్కగా కోడ్ రాయడం ఒక విద్య. మనుషుల కష్టసుఖాలు చూసుకుంటూ వారిచేత పని చేయించడం వేరొక విద్య.

మరి హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు ఖజానాల బాధ్యత తానే అడిగి తీసుకున్నారు కదా అని కొందరంటారు. నిజమే. యూసుఫ్ సూరా 55వ ఆయతులో ఆ ప్రస్తావన ఉంది. అయితే ఆయన తన వంశం గురించో, తన అందం గురించో చెప్పుకోలేదు. కాపాడగలనని, ఆ పని తనకు తెలుసని చెప్పారు. ముందు రానున్నవి కరువు రోజులు. ఇతరులు ఆ పని చేయలేనప్పుడు, ప్రజల హక్కులు నష్టపోతాయన్నప్పుడు అర్హుడు ముందుకు రావచ్చని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. కనుక కంపెనీలో మేనేజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టడం హరాం అని మేము అనడం లేదు. అడిగేముందు మనసును తూచుకోవాలి అంటున్నాము.

తూచుకోవడం ఎలా?

మంచి పనివాడికి ఉండవలసిన రెండు గుణాలను ఖసస్ సూరా 26వ ఆయతు తెలుపుతుంది: బలం, నమ్మకం. ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మ) ఈ ఆయతును ఆధారం చేసుకుని, ఒక్కో పదవికి కావలసిన బలం ఒక్కో రకంగా ఉంటుందని రాశారు. యుద్ధానికి ధైర్యం బలం, తీర్పుకు న్యాయజ్ఞానం బలం. మరి మేనేజరుకు కావలసిన బలమేమిటి? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే తెలుస్తుంది.

మొదటిది: మీ కింద పనిచేసేవాడు సాధించిన దాన్ని అతని పేరుతోనే పైవారికి చెప్పగలరా? తాము చేయని పనికి పొగడ్త కోరేవారిని ఆలి ఇమ్రాన్ సూరా 188వ ఆయతు కఠినంగా హెచ్చరించింది. తన చేత్తో చేసిన పనిలోనే ఆనందం పొందే మనిషి, ఇతరుల పని చూసి ఆనందించడం అలవడేదాకా ఆగడం మేలు.

రెండవది: రేటింగ్ ఇచ్చేటప్పుడు న్యాయం చేయగలరా? ఆ ఒక్క అంకెపై ఒక కుటుంబం ఇంటి కిస్తీ, పిల్లల ఫీజు ఆధారపడి ఉంటాయి. మనవాడని, మన ఊరివాడని ఎక్కువ వేయడం, ఎదురు మాట్లాడాడని తగ్గించడం రెండూ జుల్మే. బంధువులకు వ్యతిరేకమైనా న్యాయం చెప్పమని నిసా సూరా 135వ ఆయతు, ద్వేషం ఉన్నా న్యాయం తప్పవద్దని మాయిదా సూరా 8వ ఆయతు ఆదేశిస్తున్నాయి.

మూడవది: కోపాన్ని దిగమింగగలరా? హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు దైవప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన (స) తనను విసుక్కోలేదని సాక్ష్యమిచ్చారు. మనం ఆ స్థాయికి చేరలేము. కాని అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయినప్పుడు పదిమందిలో ఒకరిని అవమానించకుండా ఉండగలమా అని అడుగుకోవచ్చు కదా!

ఈ మూడింటికీ మనస్సాక్షి "అవును" అంటే, చుట్టూ ఉన్నవారు ఇప్పటికే సలహా కోసం మీ దగ్గరికి వస్తుంటే, అది వెళ్ళవలసిన సమయం. అప్పుడు భయంతో వెనుకాడటం కూడా సరికాదు. మీరు వదిలిన కుర్చీలో అన్యాయం చేసేవాడు కూర్చోవచ్చు.

వెనక్కి రావడం అవమానం కాదు

వెళ్ళాక ఆ పని మోయలేమని తెలిస్తే? క్రీ.శ. 634లో ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ (రజి) సిరియా సేనల నాయకత్వాన్ని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) నుంచి తీసి హజ్రత్ అబూ ఉబైదా (రజి)కి అప్పగించారు. ఖాలిద్ అలగలేదు. అబూ ఉబైదా కిందే ఉండి పోరాడారు. నాయకుడైనా సైనికుడైనా ఆయన పనిచేసింది అల్లాహ్ కోసమే. నేడు చాలా కంపెనీల్లో మనుషులపై అధికారం లేకుండానే ఇంజనీరుగా పై మెట్లు ఎక్కే దారి ఉంది. ఆ దారిలో నిజాయితీగా పనిచేసేవాడి సంపాదనలోనూ బర్కత్ ఉంటుంది. తల్లిదండ్రులారా! మీ పిల్లల హోదాను చుట్టాల పిల్లలతో పోల్చి వారిని మోయలేని బరువు కిందికి నెట్టకండి.

నిర్ణయానికి ముందు అనుభవజ్ఞులతో, ఇంట్లో భార్యతో సంప్రదించండి. ఇంటికి ఆలస్యంగా వచ్చే మీ కోసం ఎదురుచూసేది ఆమే. తర్వాత రెండు రకాతులు చదివి ఇస్తిఖారా దుఆ చేయండి. కల రావాలన్న షరతు ఏదీ లేదు. మేలైనది సులభమవుతుందని నమ్మి అడుగు వేయండి.

మనలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి కాపరినీ తన మంద గురించి అడగడం జరుగుతుంది. ఆ రోజు మన కింద పనిచేసినవారు మనపై ఫిర్యాదుదారులుగా కాక, మన కోసం దుఆ చేసేవారుగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.