పంజరం తలుపు



మా బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే వ్యాపారం ఎంత ఉన్నదో మీకు తెలిసినదే. వాటికి కావలసిన గుండీలు, జిప్పుల బేరం మీద 2019లో చైనా దేశంలోని యీవూ పట్టణానికి వెళ్ళవలసి వచ్చింది. పని ముగిసి ఒక రోజు మిగిలితే, దగ్గరనున్న హాంగ్‌జౌ నగరంలో లింగ్‌యిన్ అనే ప్రాచీన బౌద్ధాలయం చూచి వచ్చాను.

చైనావారు హుయిలీ అని పిలిచే ఒక భారతీయ భిక్షువు నాలుగవ శతాబ్దంలో దానిని స్థాపించాడని ఐతిహ్యం. ఎదుటి గుట్టను చూచి ఆయన, "ఇది మా రాజగృహంలోని గృధ్రకూటం గదా, ఇక్కడికెట్లా ఎగిరివచ్చింది?" అన్నాడట. నేటికీ దాని పేరు ఎగిరివచ్చిన కొండ. మహావీరస్వామి 14 చాతుర్మాస్యాలు గడిపిన రాజగృహం పేరు అంత దూరాన వినబడేసరికి ఒళ్ళు పులకరించింది.

గుడివారే మనిషికి మూడేసి అగరుకడ్డీలు ఇస్తారు. జనం వాటిని వెలిగించి, నుదుటి దాకా ఎత్తి, నాలుగు దిక్కులకూ వంగి దణ్ణం పెడుతున్నారు. నేను వెలిగించలేదు. దీపం దగ్గర పురుగు పడుతుందేమోనని చూచుకునే ఇంట పుట్టినవాణ్ణి. కడ్డీలు చేతపట్టుకొనే లోపలికి వెళ్ళాను. 1956లో కర్పూరపు చెట్టు కొయ్యతో చెక్కిన మహోన్నతమైన శాక్యముని విగ్రహం. దాని ముందు ఒక ముసలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకొని ఎంతకూ లేవలేదు. మా అమ్మ గుర్తుకు వచ్చింది.

దుభాషిగా వచ్చిన కుర్రవాడు, "మా అవ్వ కూడా ఇంతే. పండుగ వస్తే చేపలు కొని చెరువులో వదులుతుంది" అన్నాడు. ప్రాణులను కొని విడిచిపెట్టడం అక్కడ ఎంతో పాత ఆచారం. 759లో సుజోంగ్ అనే చక్రవర్తి ఇందుకొరకే 81 చెరువులు ఏర్పాటు చేయించాడట. ఆ మాట విని నేను మెట్ల మీద కూలబడ్డాను. నా మనసులోని ముల్లు అదే.

నా చిన్నతనంలో మహావీర జయంతికి మా నాయనగారు చిలుకలను, పిచ్చుకలను కొని విడిపించేవారు. పది దినాల ముందే పిట్టలవాడు అంగడికి వచ్చి, "సేఠ్‌గారూ, యీ తూరి ఎన్ని తెమ్మంటారు?" అని అడిగేవాడు. ఒక ఏడు బుట్ట ఖాళీ అయ్యాక లోపలికి తొంగిచూచాను. అడుగున అయిదో ఆరో చచ్చిపడి ఉన్నాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు.

2018లో అమ్మ పోతూ, తన పేరున పిట్టలను విడిపించమన్నది. సరేనన్నాను. చేయలేదు. ఆ రొక్కం మూగజీవాల పోషణకు ఇచ్చివేశాను. అడవిపిట్టలను పట్టడం, అమ్మడం ఇప్పుడు చట్టవిరుద్ధమని మా అక్కకు చెప్పాను గాని, అసలు కారణం ఆ బుట్ట. "పోయేటప్పుడు అడిగిన ఒక్క మాట" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. అప్పటినుండి నాతో ముభావంగానే ఉండేది.

ఇదంతా చెబితే దుభాషి నవ్వలేదు. లియేజీ అనే వారి ప్రాచీన గ్రంథంలోని కథ ఒకటి చెప్పాడు. హందాన్ ప్రజలు నూతన సంవత్సర దినాన జావో జియాన్‌జీ అనే ప్రభువుకు పావురాలను సమర్పించారు. ఆయన సంతోషించి బహుమానాలిచ్చి, వాటిని విడిచిపెట్టించాడు. పక్కనున్న అతిథి, "ప్రభువు విడిచిపెడతాడని తెలిసి జనం పోటీపడి పడుతున్నారు, పట్టుటలో ఎన్నో చస్తున్నాయి. బ్రతకాలని కోరిక ఉంటే పట్టవద్దని ఆజ్ఞ ఇవ్వండి" అన్నాడు. ప్రభువు సరే అన్నాడు. ఆ నగరంలోని పశ్చిమ సరస్సును కూడా 11వ శతాబ్దం ఆరంభంలో చక్రవర్తి క్షేమం కోరి, చేపలను, పక్షులను పట్టరాదని నిషేధించారట. అక్కడ కొనే పని లేదు, అమ్మే పని లేదు.

ఆర్డరు ఉన్న సరుకే అంగడికి వస్తుందని వ్యాపారస్థులకు ఒకరు చెప్పాలా? మన శాస్త్రం హింసను కృత, కారిత, అనుమోదన అని మూడు విధాలుగా చెప్పింది. తాను చేసినది, చేయించినది, మెచ్చినది. వల వేసినవాడు పిట్టలవాడే, కాని "ఎన్ని తెమ్మంటారు" అన్న ప్రశ్నకు లెక్క చెప్పినది మేము.

అయినా నాయనగారిని తప్పుపట్టలేను. పంజరం తలుపు తెరిచేటప్పుడు ఆయన చేయి వణకడం నేను చూచాను. ఆ వణుకు దొంగది కాదు. ఇంకొక సంగతి. బుట్ట అడుగు చూచి ఏడ్చే మనసు నాకు ఎక్కడిది? ఏటేటా నన్ను పక్కన నిలబెట్టి చేయించిన ఆ క్రియ వల్ల వచ్చినదే గదా. భావం ఉంటే చాలు, క్రియ ఎందుకని సులభంగా అంటాము. నాకు భావం నేర్పినది క్రియే. క్రియను ప్రశ్నించినదీ ఆ భావమే. ఈ చిక్కు నేను ఇంకా విప్పుకోలేదు. సాధుమహారాజులు ఎవరైనా చెబితే వినగోరుతాను.

మూడు కడ్డీలూ వెలిగించకుండానే ఇంటికి తెచ్చాను. అక్కకు చూపించి, పావురాల కథ చెప్పాను. అంతా విని, "అయితే అమ్మ మాట?" అన్నది. నేను మాట్లాడలేదు.

మరునాడు మేడ మీదికి వెళ్ళేసరికి అక్క ఒక మట్టి మూకుట్లో వడగట్టిన నీళ్ళు పోస్తున్నది. పక్కన గుప్పెడు జొన్నలు. అమ్మ పేరున అని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.