కాయలు లేనప్పుడు కూడా వెళ్ళండి

సంగారెడ్డి,
మృగశిర కార్తె

బిడ్డకు, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. సోమాజిగూడ అపార్ట్‌మెంట్‌లో పెరుగుతున్న పిల్లలకు పొలం, తోట చూపించాలి, ఆదివారం పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేలా నాలుగు మంచి చోట్లు చెప్పమన్నావు. ఉద్యాన శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, చోట్లు చెప్పడం నాకెంత సేపు? కానీ జాబితా ఇస్తే వారానికొకటి చొప్పున తిప్పేస్తావు. పిల్లలకు చివరికి ఉయ్యాలలూ, మధ్యలో తిన్న మిర్చీ బజ్జీలూ గుర్తుంటాయి. అందుకే ఇంకోలా చెప్తాను. ఒక్క తోట పట్టుకో. ఏడాదిలో మూడు నాలుగుసార్లు అక్కడికే వెళ్ళు. అందులో ఒకసారైనా కాయ అన్నది కనిపించని రోజుల్లో వెళ్ళు.

ఎందుకో ద్రాక్షతో చెప్తే నీకు తేలిగ్గా అర్థమవుతుంది. మీ నాన్నకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షపందిళ్ళు బాగా ఉండేవి. నిజాం కాలం నుంచి ఇక్కడ పాతుకుపోయిన రకం అనాబ్-ఎ-షాహీ. పెద్ద కాయ, లోపల గింజ, పండితే తేనెరంగు. ఎకరాకు తీసిన దిగుబడిలో మన రైతులు దేశంలోనే పేరు తెచ్చుకున్నారు. తర్వాత జనం గింజలేని థామ్సన్‌కు అలవాటు పడ్డారు, వ్యాపారమంతా నాసిక్, సాంగ్లీ వైపు వెళ్ళింది, ఇక్కడ గజం ధర పందిరి కంటే ఎత్తుకు పోయింది. మీకు దగ్గరలో చూడదగ్గది రాజేంద్రనగర్‌లో ఉంది. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి ద్రాక్ష పరిశోధన కేంద్రం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండ్ల కాలంలో మామూలు జనాన్ని కూడా రానిస్తారు. ఏ రోజుల్లోనో ముందే కనుక్కుని వెళ్ళు. పందిరి కింద తల వంచుకుని నడుస్తుంటే గుత్తులు నెత్తికి తగులుతాయి, పిల్లలు ఎగిరి గంతేస్తారు.

అయితే ఆ తోట సంగతి ఆ రోజు తెలియదు. కోతలయ్యాక ఏప్రిల్‌లో తీగలన్నీ కత్తిరిస్తారు. ఒక్కో కొమ్మకు ఒకటో రెండో కళ్ళు, అంటే చిగురు మొలిచే మొగ్గలు, ఉంచి మిగతాదంతా తీసేస్తారు. పందిరి మీద ఆకు కూడా మిగలదు. చూసినవాళ్ళు తోట ఎండిపోయిందనుకుంటారు. ఆ మోళ్ళ నుంచి ఎండల్లో కొత్త కొమ్మలు వస్తాయి. కత్తిరించిన నెలన్నర, రెండు నెలల్లో ఆ కొత్త కొమ్మల కళ్ళ లోపల, బయటికేమీ కనిపించకుండా, గుత్తి రూపు కడుతుంది. అక్టోబర్‌లో మళ్ళీ కత్తెర పడుతుంది. ఈసారి గుత్తి దాగిన కన్ను ఎక్కడుందో లెక్క చూసుకుని దాని పైన కోస్తారు. అప్పుడు చిగురు, పూత, పిందె. అంటే ఫిబ్రవరిలో మీరు నోట్లో వేసుకునే పండు అంతకుముందు మే, జూన్ నెలల్లోనే ఖాయమైపోయింది. ఆ రోజుల్లో మబ్బు పట్టి ఎండ తగ్గితే గుత్తులు తగ్గుతాయి. అక్టోబర్ కత్తెర తర్వాత వాన పట్టుకుంటే బూజు తెగులు. ఇన్ని దాటుకుని వచ్చిన పండు పంజాగుట్టలో తోపుడుబండి మీద కనిపించినప్పుడు, ఈ లెక్క తెలిసిన మనిషికి కిలోకు పది తగ్గించమని అడగడానికి కొంచెం సిగ్గేస్తుంది. పిల్లలకు ఆ సిగ్గు రావాలి. తోట చూపించడం వల్ల వచ్చే లాభాల్లో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

మామిడి కోసం మా ఊరికే రండి. ఇక్కడి ఫల పరిశోధన కేంద్రంలో వందల రకాల మామిడి చెట్లున్నాయి, మంజీర అనే పొట్టి రకాన్ని పుట్టించింది కూడా ఇక్కడే. జనవరిలో వస్తే చెట్టంతా పూత. వట్టి పూతే కదా అనుకోకు, రైతుకు నిద్ర పట్టని రోజులవే. పూత మీద తేనెమంచు పురుగు పడితే కింది ఆకులు జిగురు జిగురుగా మెరుస్తాయి, ఆనక వాటి మీద నల్లటి మసి పేరుకుంటుంది. పిల్లలతో ఒక ఆకు ముట్టించి చూపించు, చేతికంటిన ఆ బంక వాళ్ళకు చాలాకాలం గుర్తుంటుంది.

ఇక్కడే ఒక కట్టుబాటు చెప్పాలి. ఏ తోటకు వెళ్ళినా, యజమాని కోసుకోమన్నాసరే, చెట్టు మీది కాయ కోయకండి. మామిడి తోటల్ని చాలామంది పూత దశలోనే గుత్తకు ఇచ్చేస్తారు. డబ్బు ముందే చేతులు మారుతుంది. ఆ తర్వాత చెట్టు రైతుదే, కాయ గుత్తేదారుది. మొహమాటానికి రైతు ఒక కాయ ఇస్తే కాపలా ఉన్న మనిషి దానికి జవాబు చెప్పుకోవాలి. ఆ కాపలా మనిషి జీతమెంతో ఎప్పుడైనా అడిగి చూడు. అలాగే ఒరం మీద నడవండి, సాలులో అడుగు పెట్టొద్దు. మందు కొట్టి ఎంతకాలమైందో అడగకుండా పిల్లల్ని ఆకులు తెంపనివ్వొద్దు. పని చేస్తున్న కూలీ ఆడవాళ్ళను ఫోటో తీసే ముందు అడగండి. మన ఇంట్లోకి ఎవరో వచ్చి వంట చేస్తుంటే ఫోటో తీస్తే మనకెలా ఉంటుంది?

అన్నిటికీ కారు తీయక్కర్లేదు. పంజాగుట్టలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఎర్రగడ్డ, దిగగానే రైతు బజార్. 1999 జనవరి 26న మొదలైన పథకం అది, దళారి లేకుండా రైతే తెచ్చి అమ్మాలన్నది ఉద్దేశం. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, అక్కడ బేరమాడే పని లేదు. పెందలాడే వెళ్ళు. కూర కొన్నాక ఒక్క ప్రశ్న అడగమను పిల్లల్ని: ఇది ఏ ఊరిదండీ? చేవెళ్ళ అనొచ్చు, వికారాబాద్ వైపు ఏదో పల్లె పేరు చెప్పొచ్చు. ఇంకా అడిగితే ఏ నీటితో పండిందో కూడా చెప్తారు. ఆకుకూరల విషయంలో అది తప్పకుండా అడగాలి, మూసీ మురుగునీటి పక్కన పెరిగే ఆకుకూర కూడా నగరానికి వస్తుంది. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు. నిజంగా పండించినవాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

మొక్కలు పెంచాలన్న నీ ముచ్చటకు ఇదే అదను. రోహిణి ఎండలు పోయాయి, ఆరుద్ర దాకా ఆగి నాలుగు వానలు పడ్డాక పెట్టు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా మీకు నడకదూరం, అక్కడ నర్సరీ మేళా పెట్టినప్పుడు తప్పక చూడు, కొనకపోయినా సరే. కొనేటప్పుడు మాత్రం విరగబూసిన గులాబీ జోలికి పోకు. పూలన్నీ నర్సరీలోనే పూసేసిన మొక్క నీ బాల్కనీకి వచ్చి అలుగుతుంది. ఆకు ఆరోగ్యంగా ఉన్న చిన్న మొక్క తీసుకో. కవరు అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే వద్దను. అంటు మొక్క అయితే అతుకు ఎక్కడుందో చూపించమను, దాని కిందనుంచి వచ్చే చిగుళ్ళు ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే పెరిగేది నువ్వు కొన్న రకం కాదు. మన నర్సరీల్లో చాలా మొక్కలు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తాయి. వేళ్ళకు పట్టి ఉన్న అక్కడి ఒండ్రు మన ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది. వేళ్ళు తెగకుండా అంచులు కాస్త వదులు చేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టు.

తొలకరిలో ఒక్కసారి శంకర్‌పల్లి వైపు చెలకల్లోకి తీసుకెళ్ళు. దున్నిన మట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి, మఖమల్ గుడ్డ ముక్కలు ఊడిపడ్డట్టు ఎర్రగా. చేతిలోకి తీసుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతాయి. కాసేపు చూసి వదిలేయాలి, సీసాలో పెట్టి ఇంటికి తేవొద్దు. బతుకమ్మ రోజుల్లో అదే దారిన గునుగు, తంగేడు. కోసుకోండి, కానీ పొదను బోడి చేయకండి, విత్తనానికి కొంత ఉంచాలి. సీతాఫలాలూ అప్పుడే మొదలవుతాయి. సంక్రాంతి తర్వాత వీలైతే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ మహిళా సంఘాల పాత పంటల జాతర చూపించు. కొర్ర, సామ, జొన్న విత్తనాలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి.

అల్లుడుగారు ఫామ్ ప్లాట్ ఒకటి చూస్తున్నారని మీ నాన్న చెప్పాడు. ఆయనకు నేను చెప్పకూడదు, నీకు చెప్తాను. నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో వల్లనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో పొలాలు ఇన్నాళ్ళు పొలాలుగా మిగిలాయి. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ మరో జీవో వచ్చింది. అప్పటినుంచి అటువైపు ప్రతి బోర్డు మీదా ఒక పచ్చటి చెట్టు బొమ్మ ఉంటుంది, నేల మీద మాత్రం హద్దురాళ్ళు. నెలకోసారి వెళ్ళి ఫోటో దిగడానికి పావెకరం కొంటే ఒక కుటుంబం పండించే చేను పోయినట్టే. కాదు, నిజంగా సాగు చేస్తానంటే నేనే వచ్చి మట్టి పరీక్ష చేయిస్తాను. అంతకుముందు మాత్రం ఆయన్ను ఏప్రిల్ మధ్యాహ్నం ఆ నేల మీద గంటసేపు నిలబడమను. బోరులో నీళ్ళు ఎంతసేపు వస్తాయో ఆ గంటలో తెలుస్తుంది.

దసరా సెలవులకు పిల్లల్ని మా దగ్గరికి పంపు. నాకు తెలిసిన ద్రాక్ష రైతు ఒకాయన ఉన్నాడు, కత్తెర పట్టే రోజు చెప్తానన్నాడు. పొద్దున్నే వెళ్ళాలి, పాత బట్టలు వేసి పంపించు. సంచులేవీ ఇవ్వకు, ఆ రోజు కొనడానికి అక్కడ ఏమీ ఉండదు.

మీ పెదనాన్న