ఎవరి ఒంట్లోంచి మిగిలింది?

సండూరు తాలూకా చోరనూరులో ఒక రైతు ఉండేవాడు. ఊరు కర్ణాటకది, ఇంట్లో మాట తెలుగు. 1953లో బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతా జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయినప్పుడు పటం మీద గీత పడింది గానీ చుట్టరికాలకూ మొక్కులకూ పడలేదు. ఒక ఏడు మొక్కజొన్న బాగా పండింది. ఇంటిల్లిపాదినీ తిరుపతి కొండకు పంపిస్తానని ఆ రైతు మొక్కుకున్నాడు.

పశువులను వదిలి తాను కదలలేడు. ఇంట్లో ఉన్న బండి ఒకటే. దీపావళి నాడు కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "చెరి ఇరవై వేలు ఇస్తా. సంక్రాంతి దాటినాక పెద్దోడు, శివరాత్రి అయినాక చిన్నోడు, పెండ్లాం బిడ్డలతో పోయి రండి. మీ అమ్మ రెండు తూర్లూ వస్తాది. ఎవరు పొదుపుగా పోయొస్తే ఇంటి డబ్బు వాళ్ల చేతికిస్తా."

కొడుకులిద్దరూ తెలివైనవాళ్లే. మూడు నెలల ముందు టీటీడీ మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు వదిలిన రోజే ఇద్దరూ తీసి పెట్టుకున్నారు. ఆంధ్రలో పన్ను ఎక్కువ, డీజిల్ ధరా ఎక్కువే పడుతుంది. అందుకని ఇద్దరూ బళ్ళారిలోనే ట్యాంకు నింపుకున్నారు. ఫాస్టాగ్‌లో డబ్బు లేకపోతే టోల్ దగ్గర ఎక్కువ కట్టాలని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టించుకున్నారు.

పెద్దోడు ఇంకో లెక్క కూడా చూసుకున్నాడు. ఇరవై నాలుగు గంటల్లో అదే టోల్ దాటి తిరిగొస్తే రానూ పోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. రాత్రి బయలుదేరితే రూము అద్దె ఉండదు. చీకటి పడ్డాక బండి తీశాడు. సండూరు, తోరణగల్లు, బళ్ళారి, గుత్తి, తాడిపత్రి అన్నీ చీకట్లోనే దాటిపోయాయి. తెల్లారేసరికి తిరుపతి. దర్శనం అయింది. కొండ మీద అన్నప్రసాదం ఉచితమే, కానీ వరుసలో నిలబడితే ఆ ఇరవై నాలుగు గంటలు దాటిపోతాయని అందరినీ బండెక్కించాడు. ఎండిన రొట్టెలు దారిలో తిన్నారు. మళ్లీ ఆగకుండా ప్రయాణం. ఇల్లు చేరి తండ్రి చేతిలో తొమ్మిది వేలు పెట్టాడు.

చిన్నోడు తెల్లవారుజామున కదిలాడు. గుంతకల్లులో ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించాడు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి రాతి చెక్కడాలను పిల్లలు చేత్తో తడిమి చూశారు. ఒంటిమిట్ట కోదండరాముణ్ణి చూసి, చెట్టు కింద రొట్టెలు విప్పుకున్నారు. రాత్రికి తిరుపతిలో ముందే తీసి పెట్టిన టీటీడీ గదిలో పడుకున్నారు. మర్నాడు దర్శనం, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం. మూడో రోజు ఇంటికి. చిన్నోడు తెచ్చింది ఏడున్నర వేలు.

"నాయనా, లెక్క తేలిపోయింది గదా" అన్నాడు పెద్దోడు.

తండ్రి భార్యను పిలిచాడు. "రెండు తూర్లూ పోయినదానివి నువ్వే. నువ్వు చెప్పు."

ఆమె చానా సేపు నోరు విప్పలేదు. పెద్దోడి మీద చెప్పడానికి మనసొప్పలేదు. తండ్రి మళ్లీ అడిగితే అన్నది: "మొదటి తూరి నేను నీళ్లు తాగలేదయ్యా. తాగితే బండి ఆపమనాల. ఆపితే బిడ్డకు కోపం వస్తాది. పొద్దు గూకినప్పటి నుంచి తెల్లారేదాకా గొంతు తడుపుకోలేదు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. పెద్ద కోడలు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రెప్ప వేయలేదు. మొగుడు కునుకు తీస్తాడేమోనని ఏదో ఒకటి మాట్లాడతానే ఉండింది. పిల్లోళ్లకు ఏం చూసినారో కూడా తెలీదు."

పెద్దోడు తల వంచుకున్నాడు. తల్లి నీళ్లు తాగలేదన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

తండ్రి తొమ్మిది వేలలో పదిహేను వందలు తీసి భార్య చేతిలో పెట్టాడు. "ఇది వాడు మిగిల్చింది కాదు. నీ ఒంట్లోంచి తీసింది. నీకే చెందాల." మిగిలిన డబ్బు, బీరువా తాళం పెద్ద కోడలికిచ్చాడు. "ఇకమీద బండి ఎక్కడ ఆగాల్నో నువ్వు చెప్పమ్మా. ఇద్దరూ ఇంటారు."

నీతి: ప్రయాణంలో డబ్బు మిగిలినప్పుడు ఎంత మిగిలిందని కాదు, ఎవరి నుంచి మిగిలిందని అడగాలి. ముందుచూపుతో మిగిలిన రూపాయి ఇంటిల్లిపాదిదీ. ఒకరి ఆకలి, దాహం, నిద్ర కోసి మిగిల్చిన రూపాయి అప్పు.

ముందుచూపుకు ఇవాళ దారులు చాలానే ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు, జీపులకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది, అప్పుడు దాని ధర మూడు వేల రూపాయలు. జాతీయ రహదారుల టోళ్లలో ఏడాది లేదా రెండు వందల సార్లు, ఏది ముందైతే అంతవరకు. ఏడాదికొకసారి తిరుపతి పోయేవాళ్లకు అది గిట్టదు. పని మీద వారం వారం టోల్ దాటేవాళ్లకు గిడుతుంది. 2023 జూన్ 11 నుంచి కర్ణాటక ఆడవాళ్లకు శక్తి పథకం కింద రాష్ట్రం లోపల ఆర్డినరీ బస్సు ఉచితం. బళ్ళారి దాకా పోయే పనికి బండే తీయాలని లేదు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచడం, బండి మీద బరువు తగ్గించడం, వేగం అదుపులో పెట్టడం, ఇవన్నీ డీజిల్ మిగిల్చేవే. వీటిలో ఏదీ ఎవరి గొంతూ ఎండబెట్టదు.

రాత్రి ప్రయాణం సంగతి వేరు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య ఒళ్లు తనంతట తానే నిద్రలోకి జారుతుంది, ఎంత అలవాటున్న డ్రైవరుకైనా సరే. 2022లో మన దేశం రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. రూము అద్దెను ఈ అంకె పక్కన పెట్టి చూడండి. ఆదా చేయాలనుకునే ఇంటి పెద్దలందరికీ నా విన్నపం ఇదే: ఈసారి బండి తీసే ముందు, దారిలో ఎక్కడెక్కడ ఆగాలో ఇంట్లో ముసలమ్మను అడిగి రాసుకోండి. ఆ కాగితం ప్రకారమే ఆపండి.