తెంపే ముందు

అమ్మడూ,

వచ్చే ఆదివారం మీ అపార్ట్‌మెంట్‌లో పాత పూసలతో నగలు చేయడం నేర్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. వచ్చేవాళ్లంతా కొత్తవాళ్లట గనక ఈ నాలుగు మాటలు.

ఇంట్లో పడున్న దండలు తెమ్మన్నావు కదా, ఎవరివో వాళ్లనడిగి తెమ్మని కూడా చెప్పు. బీరువా అడుగున ఉన్నంత మాత్రాన దానికి దిక్కులేదనుకోకూడదు. అమ్మమ్మ వేసుకోవడం మానేసినా దండ అమ్మమ్మదే. నల్లపూసలైతే మరీను. వీలైతే ఆవిడ చేతే తెంపించమను.

తెంపడమే మొదటి పాఠంగా పెట్టు. పళ్లెంలో పాత తువ్వాలు పరిచి, దాని మీద కత్తిరించాలి. లేకపోతే పూసలన్నీ సోఫా కిందికి దొర్లి, వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది. దారం ఎక్కడ అరిగిందో అందరికీ చూపించు. చాలాసార్లు గాజుపూస రంధ్రం అంచు దగ్గరే అరుగుతుంది, ఆ అంచు కత్తిలా కోస్తుంది. అందుకే అలాంటివాటికి మామూలు దారం వద్దు, నైలాన్ పూత ఉన్న సన్న తీగ వాడించు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజును గొట్టంలా లాగి, ముక్కలు కొట్టి, ఆ అంచుల పదును పోవడానికే బూడిదలో కలిపి మళ్లీ కాచేవారు. ఈ సంగతి చెప్పు. ఒక్కో పూస వెనక అంత పని ఉందని తెలిస్తే, కిందపడ్డ పూసను వాళ్లే వెతికి తీస్తారు.

గాజును గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే చాలు. ముత్యాలకు, పగడాలకు నిమ్మరసం, వెనిగర్ తగలనివ్వకు, పులుపు వాటిని తినేస్తుంది. లక్కపూసల్ని వేడినీళ్లలో వేయొద్దు. ఏ లోహమో తెలియని చవక పూసలు చిన్నపిల్లల చేతికివ్వకు, సీసం ఉండొచ్చు.

పూసలు చాలకపోతే మెడకు బదులు చేతికి సరిపడా చేయించు. అంతేగాని కొత్త ప్యాకెట్ కొనుక్కొచ్చి కలిపేసి, అన్నీ పాతవేనని చెప్పొద్దు.

ఇంకోటి. ఎవరి ముడైనా వంకరగా పడితే లాక్కుని నువ్వే వేసేయకు. (ముగ్గు దగ్గర మీ చెల్లి చేతిలో పిండి లాక్కునేదానివి, నాకు తెలుసు.) పక్కన కూర్చుని విప్పించు, మళ్లీ వేయించు. ఆలస్యమైతే అవనీ.

మా అత్తగారి పగడాల దండ ఒకటి నా దగ్గరుంది. నీకిద్దామని ఆడపడుచులనడిగాను. పెద్దావిడ సరేనంది, చిన్నావిడ ఇంకా ఏమీ తేల్చలేదు. ఆవిడ ఊ అంటే పంపుతాను, లేకపోతే ఈసారికి నీ దగ్గరున్న వాటితోనే కానివ్వు.

మీ పెద్దత్త