ఎక్కువ దినములుండని దానిని చేరదీయవచ్చునా?

గోదావరిఖనిలో "అన్‌ఫిట్" అను మాటకు అర్థము చిన్నబిడ్డలకు సైతము తెలియును. బొగ్గుబావిలో ఏండ్ల తరబడి పనిచేసిన మనుష్యుని వైద్యుల బోర్డు పరీక్షించి, ఇక పనికి తగడని వ్రాసిన నాడు ఆ మాట ఇంటిలోనికి వచ్చును. అట్టి పెద్ద ఒకాయన మా సంఘములో నున్నారు.

ఆయన మనుమరాలు హైదరాబాదులో చదువుచున్నది. అక్కడ 1992లో స్థాపింపబడిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు దిక్కులేని జంతువులను చేరదీయుచున్నవి. అట్టి ఒక ఆశ్రయములోని పిల్లిని ఇంటికి తెచ్చెదనని ఆమె అడిగినది. దానికి గుండెజబ్బు ఉన్నదని ఆశ్రయమువారు ముందే చెప్పిరి. చూడవచ్చిన వారందరు ఆ మాట విని, పక్క బోనులోని పిల్లిని తీసికొనిపోవుచున్నారట. పెద్దాయన నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, రేపోమాపో చచ్చేదాన్ని తెచ్చుకొని ఏడ్సుడెందుకు?" అని అడిగిరి.

మొదట జబ్బు సంగతి. పిల్లులలో తరచుగా కనబడు గుండెజబ్బు, గుండె గోడ కండరము దళసరియగుట. గోడ బిగిసినప్పుడు లోపల రక్తము నిండుటకు చోటు తగ్గును. ఆరోగ్యముగా కనబడు పిల్లులను పరీక్షించినప్పుడు సుమారు 100కు 15 పిల్లులలో ఈ జబ్బు బయటపడినది. స్టెతస్కోపులో వినబడు శబ్దమొక్కటే ఋజువు కాదు; స్కానింగు చేసినగాని నిశ్చయము తెలియదు. ఈ జబ్బుతోనే ఏండ్ల తరబడి సుఖముగా బ్రతుకు పిల్లులు అనేకము. హఠాత్తుగా పోవునవియు కలవు. నిద్రలో నిమిషమునకు 30కి మించి ఊపిరి తీసినను, నోరు తెరచి రొప్పినను, వెనుక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయినను వెంటనే పశువైద్యునికి చూపవలెను. కాబట్టి "రేపోమాపో" అనుట సరికాదు. "ఏమియు కాదు" అనుటయు సరికాదు.

రెండవది, ఆశ్రయమువారు సత్యమును దాచలేదు. దాచినయెడల పిల్లికి త్వరగా ఇల్లు దొరికెడిది. గాని మోసముతో దొరికిన ఇల్లు, జబ్బు బయటపడిన దినమున మరల వీధియగును.

మూడవది, మనుష్యులకే మందులు లేనప్పుడు పిల్లికి ఖర్చా? ఇది న్యాయమైన ప్రశ్న. బిడ్డకు మందు మాని పిల్లికి కొనుమని నేను చెప్పను. భరింపలేనివారు వద్దనుట పాపము కాదు. అయితే భరింపగలిగియు, ఎక్కువకాలము ఉండదను కారణముచేతనే త్రోసివేసినయెడల, మనము ప్రేమను వడ్డీ లెక్కతో కొలిచినవారమగుదుము. నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన కథలో బీదవాడు తన గొఱ్ఱెపిల్లను బిడ్డవలె పెంచెను. దాని ఉన్నికి గాని పాలకు గాని ఆ కథలో లెక్క కనబడదు.

ఈ వాదములన్నియు పెద్దాయనతో చెప్పలేదు. ఒక్కటే అడిగితిని: "పెద్దయ్యా, బోర్డు మిమ్మును అన్‌ఫిట్ అని వ్రాసిన రాత్రి, ఇంటిలో మీ కంచమును ఎవరైన తీసివేసిరా?"

ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ రాత్రి మా ఆమె నాకే ముందుగాల పెట్టింది, అయ్యగారూ" అనిరి.

ప్రియ చదువరులారా, మనకు మిగిలిన దినములు లెక్కచూచియే ప్రేమించినయెడల, మనలో ఎవరికి ఎవరు తలుపు తీయుదురు? మనుమరాలు సెలవులకు రావలసియున్నది. పెద్దాయన తన క్వార్టరు కిటికీలకు జాలీ కొట్టించుచున్నారని నిన్ననే వింటిని.